ఇంటర్ అయ్యాక డిగ్రీ ఎక్కడ? నల్లమల అంచు పల్లెల పిల్లలకు కాలేజీ ఎంపిక, మొదటి పని నుంచి చివరి దాకా

ఏప్రిల్ నెలాఖరుకు ఇంటర్ ఫలితాలు వస్తాయి. వారం తిరక్కముందే కాలేజీల పాంప్లెట్లు ఊళ్ళోకి దిగుతాయి. అచ్చంపేట, అమ్రాబాద్, పదర, లింగాల, బల్మూరు మండలాల్లోనూ, డిండి అవతల చందంపేట, నేరెడుగొమ్ము, దేవరకొండ తండాల్లోనూ ఏటా ఇదే వరస. "మా దగ్గర ఏసీ ల్యాబు, మా దగ్గర వంద శాతం ప్లేస్‌మెంటు" అని అట్ట మీద ఉంటుంది. ఊరి నుంచి ఆ కాలేజీ గేటు దాకా పిల్ల రోజూ ఎట్లా చేరుతుందో మాత్రం ఏ అట్ట మీదా ఉండదు.

గుట్టల మీదా అడవి పక్కనా ఉండేవాళ్ళు కాలేజీ వెతుకులాటను పేరుతో మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. దారితో మొదలుపెట్టాలి. పెద్ద పేరున్న కాలేజీలో సీటు తెచ్చుకుని సగం రోజులు ఇంట్లో ఉండే పిల్లవాడి కన్నా, మామూలు కాలేజీలో మూడేళ్ళూ పొద్దున క్లాసులో కూర్చునే పిల్లవాడే చివరికి పైకొస్తాడు. పైగా 75 శాతం హాజరు లేకపోతే స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంటు రెండూ ఆగిపోతాయి. కాబట్టి కింద చెప్పే పనులను ఇదే వరసలో చేయండి. ఇంట్లో డిగ్రీ గడప తొక్కుతున్న మొదటి పిల్లో పిల్లవాడో అయితే మరీ ముఖ్యం.

1. ముందు దారి లెక్క

ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఇంటి నుంచి బస్సు ఆగే చోటుకు నడక ఎంతసేపు, మొదటి బస్సు ఎన్నింటికి, ఎక్కడ బస్సు మారాలి, అక్కడ ఎంతసేపు నిలబడాలి, గేటు దగ్గర దిగేసరికి టైము ఎంత అన్నీ రాయండి. తర్వాత సాయంత్రం లెక్క. చాలామంది పొద్దున బస్సే చూస్తారు, దెబ్బ తినేది సాయంత్రం దగ్గర. సైన్స్ గ్రూపులకు ప్రాక్టికల్స్ మధ్యాహ్నం పెడతారు, అవి అయ్యేసరికి నాలుగు దాటుతుంది. ఊరికి చివరి బస్సు నాలుగున్నరకే అయితే ఆ పిల్ల మూడేళ్ళూ ప్రాక్టికల్స్ మధ్యలోనే లేచి వస్తుంది. "మా కాలేజీలో ప్రాక్టికల్స్ సరిగా చేయించరు" అని తర్వాత అనుకునే మాటల్లో కొన్ని నిజానికి బస్సు మీద పెట్టాల్సిన ఫిర్యాదులు.

అమ్రాబాద్, పదర వైపు వాళ్ళు మన్ననూరు మీదుగా అచ్చంపేటకు దిగాలి. దోమలపెంట, ఈగలపెంట వైపు వాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. శ్రీశైలం రోడ్డు పులుల అభయారణ్యం గుండా పోతుంది కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర వాహనాలను ఆపేస్తారు. హైదరాబాద్‌లో సాయంత్రం పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరదామంటే కుదరదు. రైలు మీద ఆశ పెట్టుకునే పని కూడా లేదు. నాగర్‌కర్నూల్ జిల్లాలో రైలు పట్టాయే లేదు, దేవరకొండకూ లేదు. మహబూబ్‌నగర్, జడ్చర్ల, గద్వాల, నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఉన్నవాళ్ళకు ఆ సౌకర్యం ఉంది.

నేను పాటించే కొలత ఒకటి చెబుతాను. ఒకవైపు ప్రయాణం గంటన్నర దాటితే ఆ కాలేజీని రోజూ పోయి వచ్చే జాబితాలోంచి తీసేయండి. హాస్టల్ దొరికితేనే దాని గురించి ఆలోచించండి. జూన్, జులైలో ఉత్సాహంగా పొద్దున ఐదున్నరకు లేచే పిల్లలు, వానలు పడి వాగు పొంగిన రెండు రోజుల తర్వాత నెమ్మదిగా మానడం మొదలుపెడతారు.

బస్సు టైములు ఊళ్ళో అడిగితే తలా ఒకటి చెబుతారు. అచ్చంపేట, కొల్లాపూర్, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, దేవరకొండల్లో ఆర్టీసీ డిపోలున్నాయి. నేరుగా డిపోలో అడిగి రాసుకోండి. మీ రూటులో పదిహేను ఇరవై మంది విద్యార్థులుంటే, ప్రిన్సిపాల్ సంతకంతో డిపో మేనేజర్‌కు అర్జీ పెట్టి బస్సు టైము అరగంట ముందుకో వెనక్కో జరపమని అడగవచ్చు. ప్రతిసారీ పని కాదు కానీ, అడగని రూటుకు అసలే కాదు.

ఆడపిల్లలకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్ తీసుకుంటే చాలు. దీంతో "ఆడపిల్లకు అంత దూరం ఖర్చెందుకు" అనే మాటకు బలం తగ్గింది. మగపిల్లలు కాలేజీ బోనఫైడ్‌తో స్టూడెంట్ పాస్ తీసుకోవాలి.

2. ఏ వైపు పోవాలో తేల్చుకోవడం

ఇది ఫలితాలొచ్చాక ఆలోచించే సంగతి కాదు, ఇంటర్ రెండో ఏడాది మధ్యలోనే తేలాలి. ఎందుకంటే ఇంజనీరింగ్, వ్యవసాయం, ఫార్మసీ కోర్సులకు ఎప్‌సెట్ రాయాలి, దాని దరఖాస్తు గడువు ఇంటర్ ఫలితాల కన్నా ముందే అయిపోతుంది. మెడికల్‌కు నీట్. బీఏ, బీకాం, బీఎస్సీ లాంటి మామూలు డిగ్రీలకు ప్రవేశ పరీక్ష లేదు, ఇంటర్ మార్కులతో దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి) ద్వారా సీటు ఇస్తారు.

బైపీసీ పిల్లల గురించి కొంచెం ఆగి చెప్పాలి. నీట్‌లో సీటు రాలేదని నేరుగా బీఎస్సీ లైఫ్ సైన్సెస్‌లో చేరిపోయేవాళ్ళు మన దగ్గర చాలామంది. ఇంటి పక్కనే మూడు వేరే దారులున్నాయని వాళ్ళలో ఎక్కువమందికి ఎవరూ చెప్పరు. బిజినేపల్లి మండలం పాలెంలో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీ ఉంది. వనపర్తి జిల్లా మోజెర్లలో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం కాలేజీ ఉంది. పెబ్బేరులో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం వారి మత్స్య కళాశాల ఉంది. మూడూ పాత పాలమూరు జిల్లాలోనివే, మూడూ నాలుగేళ్ళ కోర్సులే, మూడింటికీ దారి ఎప్‌సెట్ అగ్రికల్చర్ విభాగం. వ్యవసాయ కోర్సుల్లో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. అందులోకి రావాలంటే పల్లెలో చదివిన ఏళ్ళు, కుటుంబం పేరు మీద ఉన్న భూమి లెక్కలోకి వస్తాయి. పట్టాదారు పాసుపుస్తకం, ఊరి బడి ఇచ్చే స్టడీ సర్టిఫికెట్లు సిద్ధంగా పెట్టుకుని, ఆ ఏడాది నోటిఫికేషన్‌లోని షరతులు అక్షరం అక్షరం చదవండి. పట్నం పిల్లలతో సమానంగా ర్యాంకు రాకపోయినా ఈ కోటాలో మన పిల్లలకు అవకాశం ఉంటుంది.

ఎంపీసీ వాళ్ళకు వనపర్తిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నాయి. హైదరాబాద్ శివార్లలోని పేరు తెలియని ప్రైవేటు కాలేజీ కన్నా ఇవి ముందు చూడదగ్గవి. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే పాలిటెక్నిక్ డిప్లొమా కోసం పాలిసెట్ రాయించండి. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. వనపర్తి పాలిటెక్నిక్ పాత రాజమహల్‌లో నడుస్తుంది, ఆ ఊరికి పోతే ఒకసారి చూసి రండి.

టీచర్ కావాలనుకునేవాళ్ళకు ఒక మాట. డిగ్రీలో ఏ సబ్జెక్టులు తీసుకుంటే బీఎడ్‌లో ఏ మెథడాలజీకి (బోధించే సబ్జెక్టుకు) అర్హత వస్తుందో ముందే చూసుకోండి. మూడేళ్ళు చదివాక "ఈ కాంబినేషన్‌కు ఆ మెథడాలజీ రాదు" అని తెలిస్తే చేయగలిగింది లేదు.

3. నాలుగు కాలేజీల జాబితా

ఎక్కువ వద్దు, నాలుగు చాలు. ఇంటికి దగ్గర ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఒకటి. జిల్లా కేంద్రంలో ఉన్నది ఒకటి. హాస్టల్ ఉన్నది ఒకటి. మనసు పడ్డది ఒకటి.

మన ప్రాంతంలో అచ్చంపేట, కొల్లాపూర్, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, గద్వాల అన్నింట్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. పాలమూరు వైపు కాలేజీలు 2008లో వచ్చిన పాలమూరు విశ్వవిద్యాలయం కిందికి, నల్లగొండ వైపువి 2007లో వచ్చిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీ, నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కాలేజీ స్వయంప్రతిపత్తి ఉన్నవి. అంటే సిలబస్‌లో కొంత సొంతంగా మార్చుకోగలవు, పరీక్షలు తామే పెడతాయి, డిగ్రీ పట్టా మాత్రం విశ్వవిద్యాలయం పేరుతోనే వస్తుంది. ఆడపిల్లలకు మహబూబ్‌నగర్‌లో ఎన్టీఆర్ మహిళా డిగ్రీ కాలేజీ ఉంది. హైదరాబాద్ దాకా పంపగలిగితే కోఠి మహిళా కాలేజీ ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయమే అయింది. గురుకుల సొసైటీల డిగ్రీ కాలేజీలకు ప్రవేశాలు విడిగా జరుగుతాయి. తిండి, బస, చదువు ఒకేచోట కాబట్టి దూరపు తండాల ఆడపిల్లలకు నేను మొదట చెప్పేది అదే.

కాలేజీ ఉన్న ఊరు చిన్నదని కొట్టిపారేయకండి. బాటనీ అంటే ఇష్టమున్న పిల్లకు జడ్చర్ల ఎవరూ గుర్తుచేయరు. అక్కడి డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆవరణలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది. అడవిలో ఏ చెట్టు ఆకు ఎందుకు పనికొస్తుందో అమ్మమ్మ నోట విని పెరిగిన నల్లమల పిల్లకు హైదరాబాద్‌లో నాలుగంతస్తుల భవనంలో నడిచే కాలేజీ కన్నా ఇది ఎంతో నయం.

న్యాక్ (కాలేజీల నాణ్యతను కొలిచే జాతీయ సంస్థ) గ్రేడు చూడండి కానీ దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి. అది కాలేజీ మొత్తానికి ఇచ్చే గ్రేడు. మీ పిల్ల చేరే గ్రూపులో ఫిజిక్స్ చెప్పే సారు ఉన్నాడా లేడా అన్నది అందులో కనిపించదు.

4. మామూలు పనిదినాన పోయి చూడడం

ఈ మొత్తంలో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. ఎడ్లను కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, నాలుగు అడుగులు నడిపించి చూస్తాం. మూడేళ్ళ చదువుకు మాత్రం ఫోటో చూసి సరే అంటాం.

మే నెలలో పోతే లాభం లేదు, కాలేజీకి సెలవులుంటాయి. ఫెస్ట్ రోజునో యాన్యువల్ డే నాడో కూడా వద్దు. సంక్రాంతి తర్వాత జనవరి, ఫిబ్రవరి మంచి కాలం. అప్పుడు కుదరకపోతే సీనియర్లకు క్లాసులు మొదలయ్యాకైనా ఒకరోజు పోండి. ఊరి నుంచి పిల్ల రోజూ ఎక్కబోయే బస్సులోనే పోండి, బండి మీద వద్దు. పొద్దున పదకొండుకు ఒకసారి, మధ్యాహ్నం రెండున్నరకు ఒకసారి క్లాసు గదుల ముందు నుంచి నడవండి. పొద్దున నిండుగా ఉండి మధ్యాహ్నం ఖాళీ అయ్యే కాలేజీలు చాలా ఉన్నాయి. నోటీసు బోర్డు మీది టైంటేబుల్ ఫోన్‌లో ఫోటో తీసుకుని, ఆ గంటలో ఆ గదిలో పాఠం నడుస్తోందో లేదో చూడండి.

తర్వాత సెకండియర్ పిల్లలను పలకరించి, ప్రాక్టికల్ రికార్డు ఒకసారి చూపించమనండి. రికార్డులో ప్రతి ప్రయోగం కింద సారు ఎర్ర ఇంకుతో సంతకం పెట్టి తేదీ వేస్తాడు. తేదీలు వారానికొకటి, పది రోజులకొకటి వరసగా ఉంటే అక్కడ ల్యాబు నడుస్తోందని అర్థం. పది ప్రయోగాల కిందా ఒకే తేదీ, ఒకే పెన్ను ఉంటే పరీక్షకు ముందు రోజు కూర్చోబెట్టి రాయించారన్నమాట. ల్యాబులో ఎన్ని మైక్రోస్కోపులున్నాయో ప్రిన్సిపాల్ చెప్పే మాట కన్నా ఆ రికార్డు ఎక్కువ చెబుతుంది. లైబ్రరీలో కూడా అంతే, పుస్తకాల సంఖ్య అడక్కండి, ఇష్యూ రిజిస్టర్‌లో చివరి ఎంట్రీ ఎప్పటిదో చూడండి.

ఆఫీసులో గానీ ప్రిన్సిపాల్‌ను గానీ అడగాల్సినవి ఇవి. ఈ గ్రూపులో ఒక్కో సబ్జెక్టుకు రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా, గెస్ట్ లెక్చరరా? గెస్ట్ అయితే పోయినేడు ఏ నెలలో చేరారు? గెస్ట్ లెక్చరర్ల నియామకం ఆలస్యమైతే మొదటి సెమిస్టర్ సగం పాఠం లేకుండానే పోతుంది. పోయినేడు ఈ గ్రూపులో ఎంతమంది చేరారు? చేరినవాళ్ళు మరీ తక్కువైతే ఆ కోర్సును ఎత్తేసి పిల్లలను వేరే కాలేజీకో వేరే గ్రూపుకో మార్చే ప్రమాదం ఉంది. తెలుగు మీడియం సెక్షన్ ఉందా? ఇప్పుడు చాలాచోట్ల ఇంగ్లీష్ మీడియమే నడుస్తోంది. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లకు మొదటి సెమిస్టర్‌లో టెన్షన్ తప్పదు, కానీ పాఠం తెలుగులో వివరించి పరీక్ష ఇంగ్లీష్‌లో రాయించే సార్లు ఉంటే ఆరు నెలల్లో కుదురుకుంటుంది. అట్లాంటి సార్లు ఉన్నారా లేదా అన్నది సీనియర్లే చెప్పగలరు.

ఆడపిల్ల చేరబోతుంటే అమ్మ కూడా వెంట పోవాలి. బాత్రూముల్లో నీళ్ళు వస్తున్నాయా అన్నది నాన్న కనుక్కోలేడు. నీళ్ళు లేని కాలేజీలో పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగకుండా కూర్చుంటారు, నెలకు నాలుగు రోజులు రావడమే మానేస్తారు. నాకు తెలిసి హాజరు తగ్గడానికి ఎవరూ బయటికి చెప్పని కారణం ఇదే.

5. డబ్బు లెక్క

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫీజు పెద్ద భారం కాదు. ప్రైవేటులోనూ, ఇంజనీరింగ్‌లోనూ అసలు లెక్క చేసుకోవాలి.

ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఎస్సీ, ఎస్టీ కుటుంబాల వార్షికాదాయం 2 లక్షల లోపు ఉండాలి. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడినవాళ్ళు), మైనారిటీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఇంజనీరింగ్‌లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీ పిల్లలకు ఎప్‌సెట్ ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తిగా, దాటితే ఏడాదికి 35,000 దాకా వస్తుంది. కొన్ని మినహాయింపులున్నాయి, అవి జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో అడగాలి. కాలేజీ ఫీజు 75,000 ఉండి, బీసీ పిల్లవాడి ర్యాంకు 40,000 అయిందనుకోండి. ప్రభుత్వం ఇచ్చేది 35,000 పోగా ఏటా 40,000 ఇంటి నుంచి కట్టాలి. నాలుగేళ్ళకు లక్షా అరవై వేలు. హాస్టల్, పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఇందులో లేవు. పత్తి పైసల మీద నడిచే ఇల్లు ఈ లెక్క మొదటి రోజే చూసుకోవాలి.

ఇంకో సంగతి. ప్రభుత్వం నుంచి ఫీజు బకాయిలు రావడం ఆలస్యమైతే కొన్ని ప్రైవేటు కాలేజీలు పిల్లలనే కట్టమంటాయి, "వచ్చాక తిరిగి ఇస్తాం" అంటాయి. చదువు అయిపోయినా బకాయి రాలేదని సర్టిఫికెట్లు ఆపే చోట్లూ ఉన్నాయి. చేరే ముందే సీనియర్లను ఈ ఒక్క ప్రశ్న అడగండి: "పోయినేడు పాసైనవాళ్ళకు టీసీ, మెమోలు పైసలు కట్టకుండా ఇచ్చారా?" ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని, చూసి తిరిగి ఇచ్చేయాలని విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ ఉన్న యూజీసీ 2018లోనే చెప్పింది.

హాస్టళ్ళ విషయం. ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్ళు జిల్లా కేంద్రాల్లోనూ పెద్ద పట్టణాల్లోనూ ఉంటాయి. 2024లో మెస్ ఛార్జీలు నెలకు 1,500 నుంచి 2,100కు పెంచారు, కూరలో ఆ తేడా ఎంత కనిపిస్తుందో పోయి తిని చూడండి. హాస్టల్ సీటు కాలేజీ సీటుతో పాటు దానంతట అది రాదు, విడిగా దరఖాస్తు పెట్టాలి, సీట్లు త్వరగా నిండుతాయి. చెంచు పిల్లలైతే మన్ననూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో ముందుగా కలిస్తే హాస్టల్‌కూ, పేపర్లకూ రెండింటికీ పని సులువవుతుంది.

నలుగురు కలిసి గది కిరాయికి తీసుకోవడం చవకే. ఊరి నుంచి బియ్యం, పప్పు వస్తాయి. కానీ వంట మగపిల్లలకు మొదటి సెమిస్టర్‌లో చాలా టైం తింటుందని ముందే తెలుసుకోండి. స్కాలర్‌షిప్పు పైసలు చేతికొచ్చేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. దాన్ని కిరాయి లెక్కలో కలపకండి.

6. పేపర్లు

టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఒకటి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్, బ్యాంకు ఖాతా. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో మార్చిలోనే దరఖాస్తు పెట్టండి, జూన్‌లో అందరూ అక్కడే ఉంటారు. టెన్త్ మెమోలో ఉన్న పేరూ, ఆధార్‌లో ఉన్న పేరూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. తండాల్లో ఇంటి పేరు ఒక్కోచోట ఒక్కోలా పడటం మామూలే, అది ముందే సరిచేయించండి. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ పని చేస్తోందా చూడండి. దోస్త్‌కు ఓటీపీ దానికే వస్తుంది. సిగ్నల్ అందని పెంటల్లో (అడవిలోని చెంచు గూడేల్లో) ఉండేవాళ్ళు దరఖాస్తు రోజున ఆ ఫోన్ పట్టుకుని మన్ననూరుకో అచ్చంపేటకో రావాల్సిందే.

7. ఇంటికొచ్చే సారుతో మాట్లాడటం

మే నెల ఎండలో బండి మీద ఒక సారు వస్తాడు. చల్లటి మజ్జిగ తాగి, మాట మొదలుపెడతాడు.

"అన్నా, పైసా కట్టేది లేదు. ఫీజు గవర్నమెంటు ఇస్తది. బస్సు మాదే, పుస్తకాలు మావే. టెన్త్ మెమో, ఆధార్ ఇయ్యి, దోస్త్ మేమే చేసుకుంటం. నీ ఫోన్‌కు ఒక నంబర్ వస్తది, అది చెప్తే చాలు."

ఆ నంబరే ఓటీపీ. అది చెప్పాక మీ పిల్ల పేరు మీద ఏ కాలేజీలు ఏ వరసలో పెట్టారో మీకు తెలియదు. తర్వాత జిల్లా కాలేజీలో సీటుకు సరిపోయే మార్కులున్నా, ఆప్షన్లలో ఆ కాలేజీ పేరే ఉండదు. దోస్త్ ఐడీ, పిన్ కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది.

ఆయన మీద కోపం పెట్టుకోవాల్సిన పని లేదు. చాలాసార్లు ఆయన ఆ కాలేజీలో పాఠం చెప్పే సారే, వేసవిలో ఇంతమందిని చేర్పించాలని పైనుంచి టార్గెట్ పెడతారు. మర్యాదగానే చెప్పండి: "సార్, సర్టిఫికెట్లు ఇప్పుడు ఇయ్యం. మేం వచ్చి కాలేజీ చూసుకున్నంక చెప్తం." బస్సు ఫ్రీ అన్నారు కదా, అది మూడో ఏడాది కూడా మీ ఊరికి వస్తుందా, ఆ మాట రాసిస్తారా అని అడగండి. సాధారణంగా మాట అక్కడే ఆగుతుంది. కొన్ని కాలేజీలు దోస్త్ పరిధిలో లేకుండా సొంతంగా చేర్చుకుంటాయి. అట్లాంటిదైతే ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తిస్తుందా అన్నది కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

8. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టడం

దోస్త్ 2016 నుంచి నడుస్తోంది. మొదటి విడతలో రిజిస్ట్రేషన్‌కు 200 రూపాయలు, తర్వాతి విడతల్లో రెట్టింపు. కాబట్టి మొదటి విడతలోనే పెట్టండి. ఫోన్‌లో చేయడం రాకపోతే దగ్గరి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో హెల్ప్‌లైన్ సెంటర్ ఉంటుంది, అక్కడికి పోండి. నెట్ సెంటర్లో చేయిస్తే పక్కన కూర్చుని ప్రతి ఆప్షనూ చూడండి, చివర్లో ప్రింటు తీసుకోండి.

వరస ముఖ్యం. "మనకు వస్తుందో రాదో" అని తక్కువ ఇష్టమున్నదాన్ని పైన పెట్టేవాళ్ళున్నారు. అట్లా చేస్తే అదే వస్తుంది, కింద పెట్టిన మంచి కాలేజీ గురించి సిస్టం చూడనే చూడదు. మీకు నిజంగా ఏది కావాలో అదే మొదట పెట్టండి, మార్కులు సరిపోకపోతే సిస్టమే కిందికి దిగుతుంది. ఒక కాలేజీలో రెండు మూడు గ్రూపులు విడివిడి ఆప్షన్లుగా పెట్టవచ్చు. దారి లెక్కలో కొట్టేసిన కాలేజీని మాత్రం చివర్లో "ఉండనీ" అని కూడా పెట్టకండి. వచ్చిందంటే చిక్కు.

సీటు వచ్చాక గడువు లోపల ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి. ఇది మరిచిపోయి సీటు పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. సెల్ఫ్ రిపోర్ట్ చేసి ఉంచుకుని తర్వాతి విడతలో ఇంకా మంచి కాలేజీకి ప్రయత్నించవచ్చు, అది వస్తే పాతది దానంతట అదే రద్దవుతుంది. రాకపోతే పాతది మీదే. అన్నీ అయ్యాక అదే కాలేజీలో గ్రూపు మార్చుకునే ఇంట్రా కాలేజీ విడత కూడా పెడతారు.

9. చేరాక మొదటి నెల

ఈపాస్ (స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంటు ఆన్‌లైన్) దరఖాస్తు వెంటనే పెట్టి, ప్రతి ఏడూ రెన్యువల్ చేయించాలి. రెండో ఏడాది మరిచిపోయి ఫీజు నెత్తిన పడ్డవాళ్ళు నాకు చాలామంది తెలుసు. బస్ పాస్, హాస్టల్ దరఖాస్తు, లైబ్రరీ కార్డు అదే వారంలో తీసుకోండి.

మొదటి మూడు వారాల్లో పిల్ల ఇంటికొచ్చి "అక్కడ ఏమీ అర్థం కావట్లేదు" అంటే అది ఇంగ్లీష్ మీడియం భయమా, సారు లేకపోవడమా, స్నేహితులు లేకపోవడమా విడదీసి అడగండి. మొదటిదానికీ మూడోదానికీ ఆగాలి. రెండోదానికి ప్రిన్సిపాల్‌ను కలవాలి. నలుగురు తల్లిదండ్రులు కలిసి పోతే ఎక్కువ ఫలితం ఉంటుంది. దసరాకు ఇంటికొచ్చి తిరిగి పోనని మొండికేస్తే, ముందు బస్సు గురించో హాస్టల్ అన్నం గురించో అడగండి, చదువు గురించి తర్వాత.

ఇంటి పరిస్థితి వల్ల ఆ ఏడాది ఎక్కడా చేరలేకపోతే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది, 1982లో దేశంలోనే మొదట పెట్టింది. మహబూబ్‌నగర్, నల్లగొండలాంటి చోట్ల ప్రభుత్వ కాలేజీల్లో దాని స్టడీ సెంటర్లు నడుస్తాయి, క్లాసులు సెలవు రోజుల్లో పెడతారు. కూలికి పోతూ, పెళ్ళయి పిల్లలున్నా డిగ్రీ పూర్తి చేసినవాళ్ళున్నారు. ఆడపిల్లకు ఇంటర్ కాగానే సంబంధాలు చూసే ఇళ్ళలో కనీసం ఈ దరఖాస్తయినా నింపించండి. దాని గడువు దోస్త్ కన్నా తర్వాత ఉంటుంది కాబట్టి, జూన్ దాటిందని ఆగిపోవాల్సిన పని లేదు.